రాతి మీద ‘ఖర’ అని ఉంది, అది ఏ ఖర?

చెన్నై పాత వాషర్‌మన్‌పేట నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. వయసు 61. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ముత్తాతల కాలం నుంచీ ఒకటే వీధి. పన్నెండేళ్ళుగా ఆ వీధి సంగతులు పోగుచేస్తున్నారు: పాత ఫొటోలు, శుభలేఖలు, ఇళ్ళ దస్తావేజుల జిరాక్సులు, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని రాసుకున్న పదకొండు నోటుపుస్తకాలు. ఆగస్టులో మద్రాసు వారోత్సవాలప్పుడు జనాన్ని వెంటబెట్టుకుని ఆ వీధంతా తిప్పి చూపిస్తారు.

ఆ వీధిలో ఒక తెలుగు సత్రం ఉంది. గుమ్మం పక్క గోడలో ఒక రాయి, దాని మీద తెలుగు అక్షరాల్లో ‘ఖర నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి సోమవారం’ అని ఉంది. కింది రెండు వరసలు సున్నం పేరుకుపోయి చదవడానికి రావు. శక సంవత్సరం లేదు, ఇంగ్లీషు సంవత్సరం లేదు. సత్రం 1831లో కట్టారని పెద్దలు చెప్పేవారు, ఈమె కూడా ఆరేళ్ళుగా అందరికీ అలాగే చెప్పారు. వాళ్ళ అవ్వ, అంటే నాన్నగారి అమ్మ, చెప్పిన మాటలు మరో రెండున్నాయి. సత్రానికి పునాదులు తీసినప్పుడు అవ్వ మామగారి తండ్రి దగ్గరుండి మట్టి మోయించారట. ఎమ్డెన్ ఓడ గుండ్లు వేసిన రాత్రి వీధిలో ఆడవాళ్ళంతా పిల్లల్ని తీసుకుని ఆ సత్రంలోనే తలదాచుకున్నారని అవ్వకు అత్తగారు చెప్పిందట.

గత ఆగస్టులో నలభై మంది ముందు ఒక కుర్రాడు, చరిత్రలో పరిశోధన చేస్తున్నవాడు, “ఖర అరవై ఏళ్ళకోసారి వస్తుంది కదండీ, 1831 అని ఎలా చెబుతున్నారు? మీరు హిస్టరీ చదివారా?” అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అన్నం తినలేకపోయానని రాశారు. తర్వాత నెలరోజులకు పొరుగింటివాళ్ళ 1887 నాటి భాగపరిష్కార పత్రం చేతికొచ్చింది. అందులో చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, చూస్తే, పడమటి హద్దు ఒక మొదలియారు గారి మామిడితోట. ఇవాళ ఆ ఇంటికి పడమట ఉన్నది సత్రం.

ఇప్పుడు సత్రానికి మరమ్మతులు చేసి పెద్ద ఉత్సవం పెడుతున్నారు. ‘రెండు శతాబ్దాల సత్రం’ అని సావనీర్ వేస్తారట, చరిత్ర ఈమే రాయాలట. కమిటీ సెక్రటరీ స్వయానా పెదనాన్న కొడుకు. “1831 అనే రాయి. మొదలియారు తోట సంగతి ఎత్తకు. మనది కాదని మనమే రాసిచ్చినట్టవుతుంది” అన్నారట ఆ అన్న. ఆహ్వానపత్రంలో ఈమె పేరు ముందు ‘ప్రముఖ చరిత్రకారిణి’ అని అచ్చు కూడా అయిపోయింది. ఆమె అడిగినవి మూడు. నేను చరిత్రకారిణినని చెప్పుకోవచ్చా? సావనీర్‌కు రాయనా, మాననా? ఆరేళ్ళు తప్పు చెప్పానని ఇప్పుడు ఒప్పుకుంటే ఇంకెవరైనా నమ్ముతారా?

*

ముందు ఆ అబ్బాయి సంగతి. అతను అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది చాలా మంచి ప్రశ్న. రెండోది అడగకుండా ఉండాల్సింది, అదీ నలభై మంది ముందు. మీకు బాధ కలిగించింది రెండోదే. కానీ ఆ బాధలో మొదటి ప్రశ్న విలువ మరిచిపోకండి.

డిగ్రీ గురించి ఎక్కువ చెప్పను. మద్రాసు పాత రికార్డులన్నీ తిరగేసి, 1913లో వెలువడిన పెద్ద గ్రంథంలో ఈ నగరం తొలి నూట అరవై ఏళ్ళ కథను పేర్చిన కర్నల్ లవ్ సైన్యంలో ఇంజనీరు. మన కాలంలో చెన్నై చరిత్ర అనగానే గుర్తొచ్చే ఎస్. ముత్తయ్య గారు పత్రికా రచయిత. ఆయన వారం వారం రాసిన శీర్షికలో పాఠకుల ఉత్తరాలకు చోటుండేది. కొత్త సంగతి చెప్పినవాళ్ళవీ, ఆయన రాసింది సరికాదని చెప్పినవాళ్ళవీ అందులో వచ్చేవి. ఆయన మీద నమ్మకం పెరగడానికి అది ఒక పెద్ద కారణమని నేను అనుకుంటాను. చదువు వృథా అని మాత్రం నా మాటలకు అర్థం తీయకండి. యూనివర్సిటీలో చరిత్ర చదివినవాళ్ళకు ఒక అలవాటు నేర్పుతారు, ‘ఇది మీకెలా తెలుసు?’ అని ప్రతి వాక్యాన్నీ అడగడం. డిగ్రీ లేనివాళ్ళం ఆ అలవాటు సొంతంగా చేసుకోవాలి. మీరు ఆ వీధిలో పుట్టారు కాబట్టి మీకు తెలుస్తుంది అనే మాట కూడా ఇక్కడ చెల్లదు. పుట్టుక వల్ల మీకు తలుపులు తెరుచుకుంటాయి, ట్రంకుపెట్టెలు తెరుచుకుంటాయి. ఆ పెట్టెలో దొరికిన కాగితం నిజమో కాదో పుట్టుక చెప్పదు.

ఇక రాయి దగ్గరికి వద్దాం. మీరు చాలా పోగుచేశారు, కానీ పోగుచేసినవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

ఖర నామ సంవత్సరం 1831-32లో వచ్చింది, 1891-92లో వచ్చింది, 1951-52లో వచ్చింది, మొన్న 2011-12లోనూ వచ్చింది. చివరిదాన్ని వదిలేస్తే మిగిలినవి మూడు. ఎమ్డెన్ జర్మన్ యుద్ధనౌక, అది మద్రాసు రేవులో నూనె ట్యాంకుల మీద గుండ్లు వేసింది 1914 సెప్టెంబరు 22 రాత్రి. ఆ రాత్రి మీ వీధి ఆడవాళ్ళు సత్రంలో తలదాచుకున్నారంటే అప్పటికే సత్రం ఉంది. 1951 పోయింది.

మిగిలినవి 1831, 1891. ఇక్కడ అవ్వ చెప్పిన ఇంకో మాట, పునాదుల మాట, చూడండి. మీ నాన్నగారు 1932లో పుట్టారనీ, అప్పటికి అవ్వకు ఇరవై ఏళ్ళనీ రాశారు. అంటే అవ్వ పుట్టింది 1912 ప్రాంతంలో. తాతగారు ఓ పదేళ్ళు పెద్ద అనుకుందాం. ఆయన తండ్రి 1880కి అటూ ఇటూ, ఆ తండ్రికి తండ్రి 1850ల్లో పుట్టి ఉంటారు. 1891లో ఆయనకు నలభై ఏళ్ళు దగ్గర పడుతుంటాయి, దగ్గరుండి పనివాళ్ళచేత మట్టి మోయించే వయసే. 1831లో ఆయన ఇంకా పుట్టనే లేదు. అవ్వ మాట మీద గౌరవంతోనే మీరంతా 1831ని పట్టుకున్నారు. అవ్వ అసలు చెప్పింది 1891 వైపు చూపిస్తోంది. ఆవిడ సంవత్సరం చెప్పలేదు, మనిషిని చెప్పింది. సంవత్సరం మధ్యలో ఎవరో అతికించారు. ఇంట్లో ముసలివాళ్ళ మాటలు నమ్మదగవా అని మీరు ఉత్తరంలో ఒకచోట దిగులుగా అడిగారు. నమ్మదగ్గవే. వాళ్ళు ఏం చెప్పారో, మనం ఏం కలిపామో విడదీసి వినాలి.

మనవాళ్ళకు ఇది కొత్త పని కాదు. రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేతా పెద్దల చేతా రాయించుకున్న కైఫీయత్తులు ఇప్పటికీ మద్రాసులోని ప్రాచ్య లిఖిత భాండాగారంలో ఉన్నాయి. ఒక ఊరి కైఫీయత్తులో విజయనగర రాజుల నాటి సంగతి ఉంటే దాన్ని యథాతథంగా నమ్మలేం. అయితే కైఫీయత్తు రాయించిన నాటికి ఆ ఊళ్ళో ఎవరి దగ్గర ఏ మాన్యం ఉంది, ఎవరికి ఎవరితో తగువుంది, తమ ఊరి గురించి వాళ్ళు ఏం నమ్మేవాళ్ళు అనే విషయాల్లో అది ఇంకెక్కడా దొరకని నిధి. అవ్వ మాటల్ని కూడా అలా రాసి పెట్టండి. ఎవరు చెప్పారు, వాళ్ళకు ఎవరు చెప్పారు, మీరు ఏ ఏడు విన్నారు. మీ పదకొండు నోటుపుస్తకాల్లో ఈ మూడూ ఎన్ని చోట్ల ఉన్నాయో చూడండి. లేనిచోట గుర్తున్నంత వరకు ఇప్పుడే పెన్సిల్‌తో రాయండి.

1887 పత్రం మూడో సాక్ష్యం. దీని మీద మాత్రం నాకు మీకంటే ఎక్కువ అనుమానం ఉంది. చెక్కుబందీలో ‘మామిడితోట’ అని ఉన్నంత మాత్రాన ఆ తోటలో ఏ మూలా సత్రం లేదని కాదు. హద్దులు రాసేవాళ్ళు పాత దస్తావేజులో ఉన్న మాటనే చూసి ఎక్కించిన సందర్భాలు బోలెడు. తోట పోయి పదేళ్ళయినా పత్రంలో తోటే ఉంటుంది. కాబట్టి దీనికి తోడుగా ఇంకొకటి కావాలి. సత్రానికి ఆ పక్క ఇంటివాళ్ళ దస్తావేజు దొరికితే, అందులో తూర్పు హద్దు ఏమని ఉందో చూడండి. మన దేశంలో రిజిస్ట్రేషన్ చట్టం 1864లో వచ్చింది, అందువల్ల 1891 ప్రాంతపు క్రయపత్రమో దానపత్రమో ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకాలకు ఎక్కి ఉండే అవకాశం ఉంది. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఆ కాలపు టౌన్ సర్వే కాగితాల కోసం అడగండి. ఎగ్మూరులోనే ఉన్న కన్నెమరా లైబ్రరీలో పాత మద్రాసు డైరెక్టరీల కోసం అడగండి. తిరగడం విసుగ్గానే ఉంటుంది. ఒకసారి వెళ్తే పని జరగదు, మూడుసార్లు వెళ్ళాలి. దొరకనప్పుడు కూడా ‘ఫలానా చోట ఫలానా ఏళ్ళవి చూశాను, లేదు’ అని తేదీ వేసి రాసుకోండి. రేపు మీ తర్వాత వెతికేవాళ్ళకు అది కూడా పనికొస్తుంది.

ఇంతకంటే దగ్గరి దారి రాతి మీదే ఉంది. తిథి ఉంది, వారం ఉంది. ఏ ఖరలో వైశాఖ శుద్ధ దశమి సోమవారం వచ్చిందో పంచాంగ గణితంతో తేల్చవచ్చు. ఈ మద్రాసులోనే పనిచేసిన ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై గారు సరిగ్గా ఇలాంటి లెక్కల కోసం 1911లో పట్టికలు ప్రచురించారు. ఇప్పుడైతే కంప్యూటర్ లెక్కలూ ఉన్నాయి. ఆ లెక్క నేను వేసి ఇక్కడ చెప్పను. చెబితే మీరు నా మాట మీద ఒక సంవత్సరం నమ్ముతారు, ఇదివరకు పెద్దల మాట మీద 1831 నమ్మినట్టే. మీరే వేయండి, మీ వల్ల కాకపోతే ఒక పంచాంగకర్త దగ్గర కూర్చుని వేయించండి, కాగితం మీద లెక్క మొత్తం దాచండి. ఎవరు అడిగినా ఆ కాగితం చూపించగలగాలి. ఒక్క హెచ్చరిక: ఒకే తిథి రెండు రోజుల్లో విస్తరించి ఉండవచ్చు, శిల్పి పొరబడ్డ రాళ్ళూ ఉంటాయి. లెక్క ఒక్క రోజు అటూ ఇటూ అయితే కంగారుపడకండి, ఆ తేడా కూడా రాయండి.

నాదొక సలహా. ఈ లెక్కకు ఆ కుర్రాడిని పిలవండి. ‘బాబూ, నువ్వు అడిగింది సరైన ప్రశ్నే, రా చూద్దాం’ అని. అతను రాకపోవచ్చు. వస్తే మీకు దొరకని పుస్తకాలు అతని దగ్గర ఉంటాయి, అతనికి దొరకని ట్రంకుపెట్టెలు మీ దగ్గర ఉన్నాయి.

ఊరి పేర్ల విషయంలో, పుట్టినరోజుల విషయంలో ఇలాంటి చిక్కు మన నగరానికే ఉంది. మద్రాసు డే ఆగస్టు 22న చేసుకుంటున్నాం. ఈస్టిండియా కంపెనీకి స్థలమిచ్చిన 1639 నాటి పత్రం ప్రతుల్లో జూలై 22 అని ఉంది. ఆ స్థలం కోసం వచ్చిన కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇక్కడికి చేరిందే జూలై 27న అని ఇంకో రికార్డు చెబుతోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు నెల తప్పు పడిందని తేల్చారు. చెన్నపట్నం అనే పేరైతే, ఆ స్థలమిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడి తండ్రి చెన్నప్ప వల్ల వచ్చిందని కొందరు, చెన్నకేశవస్వామి గుడి వల్ల వచ్చిందని కొందరు. మొదటి మాటకు ఉన్న ఆధారాల్లో ఒకటి మన తెలుగు కావ్యం, దామర్ల అంకభూపాలుడి ఉషాపరిణయం. ప్రళయకావేరికీ, అంటే పులికాట్‌కీ, మైలాపూరుకీ మధ్య చెన్నప్ప పేర పట్నం కట్టారని అందులో ఉంది. రాసినాయన ఆ వంశంవాడే. సొంత ఇంటి గొప్ప చెప్పుకుంటున్నాడు కదా అని దాన్ని పారేయరు, సొంత మనిషి చెప్పాడు కదా అని కళ్ళకద్దుకోరు. ‘దామర్లవారు తమ గురించి ఇలా చెప్పుకున్నారు’ అని పక్కన పెట్టుకుని, మిగతా కాగితాలతో పోల్చి చూస్తారు. సత్రం విషయంలో మీ కమిటీ కథనీ, మీ ఇంటి కథనీ మీరు అలాగే చూడాలి. మీ ఇంటి కథను కొంచెం ఎక్కువ కఠినంగా చూడాలని కూడా అంటాను, ఎందుకంటే దాని మీద మీకు ప్రేమ ఉంది.

ఇక సావనీర్. మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

అన్నగారు చెప్పినట్టే 1831 అని రాసి ఇవ్వచ్చు. ఇంట్లో గొడవ ఉండదు, ఉత్సవం బాగా జరుగుతుంది. కానీ 1887 పత్రం పొరుగింటివాళ్ళ దగ్గరుంది, అది మీరు చూశారని వాళ్ళకు తెలుసు, అరవై ఏళ్ళ చక్రం సంగతి నలభై మందికి తెలుసు. తెలిసి రాశారన్న మాట ఒకసారి పడితే మిగిలిన పదకొండు నోటుపుస్తకాలూ అనుమానంలో పడతాయి. పొరపాటున తప్పు రాసినవాళ్ళను జనం క్షమిస్తారు. తెలిసి రాసినవాళ్ళను క్షమించరు. ఈ దారిలో దిగొద్దని మాత్రం నేను గట్టిగా చెబుతాను.

రాయనని తప్పుకోవచ్చు. మీ పేరు శుభ్రంగా ఉంటుంది. అయితే 1831తో ఇంకెవరో రాస్తారు, అచ్చయిన ఆ పుస్తకమే రేపు అందరికీ ఆధారం అవుతుంది. సత్రం గురించి అంత తెలిసిన మనిషి మాట అందులో లేకుండా పోతుంది. అన్నగారికి కోపం ఎలాగూ వస్తుంది.

మూడోది షరతులు పెట్టి రాయడం. రాతి ఫొటో, దాని మీది అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు వేయాలి. ఏ ఏ ఖరలు కావచ్చో, మీ దగ్గరున్న సాక్ష్యాలు ఎటు మొగ్గుతున్నాయో, ఏది ఇంకా తేలలేదో రాయాలి. 1831 అన్న నమ్మకాన్ని కూడా గౌరవంగా, ‘వీధి పెద్దలు తరతరాలుగా ఇలా చెప్పేవారు’ అని చేర్చాలి. మీ వ్యాసంలో మీకు చెప్పకుండా ఒక్క మాట మార్చకూడదు. ముందుమాట కమిటీవాళ్ళు తమ ఇష్టప్రకారం తమ సంతకంతో రాసుకోవచ్చు. నాకు ఈ దారి బాగుందనిపిస్తుంది, కానీ కష్టం మీది. అన్నగారితో కూర్చుని మాట్లాడాల్సింది మీరు, వచ్చే పెళ్ళిలో ఎదురుపడాల్సింది మీరు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఒక మాట గుర్తుచేయండి: 1891 అయినా సత్రానికి నూట ముప్పై ఏళ్ళు దాటాయి. ఆ ఊరి తెలుగువాళ్ళు తమ డబ్బుతో కట్టి, పరాయి ఊరి మనిషికి అన్నం పెట్టిన చోటు అది. ఆ మంచిపనికి ఇంకో అరవై ఏళ్ళు అతికించాల్సిన అవసరం ఏమీ లేదు. ఒకవేళ సత్రం ముందు ఇంకోచోట ఉండి, 1891లో ఇక్కడ కొత్తగా కట్టారేమో. అలాంటి కాగితం ఏదైనా కమిటీ బీరువాలో ఉందేమో వెతకమని ఆయన్నే అడగండి. వాదించే మనిషి చేతిలో వెతికే పని పెడితే ఒక్కోసారి మాట మెత్తబడుతుంది.

మొదలియారు తోట గురించి ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. సత్రం స్థలం మీద కోర్టులో గానీ, ధర్మాదాయ శాఖ దగ్గర గానీ ఏదైనా వివాదం నడుస్తోందా అని ముందు కనుక్కోండి. నడుస్తుంటే మీరు అచ్చువేసిన వాక్యాన్ని ఎవరో ఒకరు ఫైలులో పెట్టవచ్చు. అప్పుడు వకీలును అడిగి, ఆ పత్రాన్ని వివాదం తేలాక వేయడం తప్పు కాదు. ఆపడం వేరు, లేదనడం వేరు. వివాదమేమీ లేకపోతే దాచడానికి కారణం లేదు. తోట మొదలియారు గారిదైతే, దాన్ని వాళ్ళు అమ్మారా, ధర్మంగా ఇచ్చారా అన్నది అందమైన ప్రశ్న. తెలుగు సత్రానికి తమిళ కుటుంబం స్థలమిచ్చిందని తేలితే మీ వీధి చరిత్రలో అంతకంటే మంచి పేజీ ఉంటుందా?

ఆరేళ్ళ పొరపాటు ఒప్పుకుంటే ఎవరు నమ్ముతారని అడిగారు. తప్పు ఎక్కడ చెప్పారో అక్కడే దిద్దండి. వచ్చే ఆగస్టులో అదే గుమ్మం ముందు నిలబడి, ‘ఇన్నాళ్ళూ 1831 అని చెప్పాను, ఖర అని చూసి మిగతాది విచారించలేదు, ఇప్పుడు ఈ సాక్ష్యాలు దొరికాయి’ అని చెప్పండి. ఏదో మూలలో చిన్నగా కాదు, 1831 ఎంత గొంతుతో చెప్పారో అంత గొంతుతో. కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు మళ్ళీ రాకపోవచ్చు. నేనైతే, తన తప్పు ఎలా దొరికిందో చెప్పే మనిషి వెంట ఇంకో వీధి కూడా నడుస్తాను.

‘ప్రముఖ చరిత్రకారిణి’ అచ్చయిపోయింది కాబట్టి ఆహ్వానపత్రం సంగతి వదిలేయండి. సావనీర్‌లో మీ పేరు కింద మాత్రం మీరు చేసిన పని రాయించండి: ఇన్నేళ్ళుగా ఈ వీధివాసులతో మాట్లాడారు, ఇన్ని దస్తావేజులు చూశారు. ఆ పేరు మీకు తగుతుందా అంటే, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుని, నెలరోజుల తర్వాత మీకు ఎదురు తిరిగిన పత్రాన్ని చింపకుండా దాచుకున్నారే, తగుతుందనే నా అభిప్రాయం.

ఒక్కటి మాత్రం ఈ వారమే చేయండి. మరమ్మతుల్లో మేస్త్రీలు ఆ గోడకు సిమెంటు పూసేస్తారేమో, లేదా రాతికి కొత్త రంగు వేసి అక్షరాలు తమకు తోచినట్టు దిద్దేస్తారేమో అని నాకు భయంగా ఉంది. పనులు మొదలుకాకముందే వెళ్ళండి. సున్నాన్ని గీకొద్దు, యాసిడ్ పెట్టొద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము మాత్రం దులిపి, పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పక్కనుంచి ఫొటోలు తీయండి. ఎండ పడని గోడైతే చీకటిపడ్డాక టార్చిలైటు గోడకు ఆనించినట్టు పక్కనుంచి కొట్టి తీయండి. నీడలో గీతలు లేచి కనిపిస్తాయి. కింది ఆ రెండు వరసల్లో కట్టించినవారి పేరు ఉండి ఉండవచ్చు.